సంఘం డబ్బుతో రివాల్వరా?

కొంచెం పెద్ద పోస్టే. ఓపిక ఉన్నవాళ్ళు మొత్తం చదవండి. లేనివాళ్ళు చదవకపోయినా ఫర్వాలేదు గానీ, సర్వసభ్య సమావేశానికి మాత్రం రండి.

సంగతి గ్రూపులో ఉన్న అందరికీ తెలిసిందే. భవనం పై అంతస్తులో మనవాళ్ళ చరిత్ర చూపించే గది ఒకటి పెట్టాలని నిరుడు తీర్మానం చేశాం. మంచి ఆలోచన, నేనూ చెయ్యెత్తాను. ఇప్పుడు ఆ గది నడిమధ్యన గాజుపెట్టెలో 'మన పాలెగాళ్ళ నాటి అరుదైన రివాల్వరు' పెడదామని ప్రతిపాదన వచ్చింది. వెల నాలుగు లక్షలట. అమ్మేవాడు మన సంఘం ముఖం చూసి తగ్గించి ఇస్తున్నాడట. ప్రతిపాదించినాయన నాకు వరసకు బావ. ఆయన చేతిమీదుగా సంఘానికి జరిగిన మేలు నేను మరిచిపోలేదు, ఆ చనువుతోనే ఇంత సూటిగా రాస్తున్నా. బావగారు గ్రూపులో పెట్టిన వ్యాసం మూడుసార్లు చదివాను. ఫొటోలు పెద్దవి చేసి చూశాను. ముప్ఫై నాలుగేళ్ళు టూల్‌రూములో లేత్ మీదా మిల్లింగ్ మీదా బతికినవాణ్ణి. ఇనుము చూస్తే కొంత తెలుస్తుంది. తుపాకుల చరిత్ర చదవడం నాకు పాత పిచ్చి. అందుకే మాట్లాడే హక్కు ఉందనుకుంటున్నా.

ముందు కాలం లెక్క చూద్దాం. 'కట్టబొమ్మన్ కాలం నాటి ఆయుధం' అని రాశారు. వీరపాండ్య కట్టబొమ్మన్‌ని కయత్తారులో ఉరి తీసింది 1799 అక్టోబరులో. పాంచాలంకురిచ్చి కోటని కంపెనీవాళ్ళు నేలమట్టం చేసింది 1801లో. సుత్తి దెబ్బకి పేలే రసాయనంతో తుపాకి పేల్చవచ్చని ఫోర్సైత్ అనే స్కాట్లండు పాదిరి పేటెంటు తీసుకున్నదే 1807లో. ఆ రసాయనాన్ని చిన్న రాగి టోపీలో పెట్టి వాడటం ఇంకా తర్వాతి మాట. ఇక రివాల్వరుని వ్యాపారంగా నిలబెట్టిన శామ్యూల్ కోల్ట్ పుట్టిందే 1814లో. అతనికి అమెరికాలో పేటెంటు వచ్చింది 1836 ఫిబ్రవరి 25న. అంటే ఫొటోలో ఉన్న వస్తువు కట్టబొమ్మన్ చేతిలో ఉండాలంటే ఆయన పోయిన 37 ఏళ్ళకి మళ్ళీ లేచి రావాలి. గాజుపెట్టె కింద ఈ పేరు రాసి పెడితే, మనల్ని వెక్కిరించడానికి బయటివాళ్ళు అక్కర్లేదు బావా, ఎనిమిదో తరగతి పిల్లలు చాలు.

'కట్టబొమ్మన్‌ది కాకపోతే తర్వాతి జమీందార్లది అయ్యుండొచ్చు కదా' అని ఒక తమ్ముడు అడిగాడు. అయ్యుండొచ్చు. పాలెగాళ్ళ యుద్ధాలు ముగిశాక కంపెనీ దక్షిణాది జనం దగ్గర ఆయుధాలు లాక్కుంది. ఆ తర్వాత జమీందారీ సనదు పుచ్చుకుని కప్పం కట్టినవాళ్ళు దొరల దుకాణాల్లో తుపాకులు కొనుక్కున్నారు, వేటకీ దర్జాకీ. నమ్ముతాను. అప్పుడది తిరుగుబాటుకి గుర్తు ఎలా అవుతుంది? దొర దగ్గర కొని, దొరగారి అనుమతితో ఇంట్లో పెట్టుకున్న వస్తువు అది. దానికి దండ వేసి 'మన పౌరుషం' అని రాస్తే ఎట్లా?

సరే, ఆ వస్తువు ఏమిటో అందరికీ తెలియాలి కాబట్టి కొంచెం వివరంగా చెప్తా. దీన్ని క్యాప్ అండ్ బాల్ రివాల్వరు అంటారు. ఇప్పటి రివాల్వరులో తూటా ఉంటుంది. మందు, గుండు, పేల్చే రసాయనం అన్నీ ఒకే ఇత్తడి గుల్లలో. దీంట్లో అదేమీ లేదు. సిలిండరులో ఉన్న ఒక్కో గదిలోకి ముందువైపు నుంచి తుపాకిమందు పోయాలి. దానిమీద సీసపు గుండు పెట్టాలి. గుండు గదికన్నా వెంట్రుకవాసి పెద్దదిగా ఉంటుంది. గొట్టం కింద ఉన్న మీటతో దాన్ని లోపలికి దిగ్గొడితే అంచున సన్నటి సీసపు రింగు చెక్కుకుని బయటికి వస్తుంది, గుండు బిగుసుకుంటుంది. గది వెనక చిన్న మొలకలాంటి గొట్టానికి రాగి టోపీ తొడగాలి. ఇలా ఆరు గదులకీ చేస్తే ఆరు దెబ్బలు. బిగువు సరిగ్గా లేకపోతే ఒక గది నిప్పు పక్క గదికి అంటుకుని రెండు మూడు ఒకేసారి పేలిపోతాయి. అందుకే గుండు మీద కొవ్వు పూసేవాళ్ళు. (గ్రూపులో ఒకాయన దీన్ని 'నల్లమందు రివాల్వరు' అని అనువాదం చేశారు. అయ్యా, నల్లమందు అంటే వేరే సరుకు. పోలీసులు ఇంకో కేసు కూడా రాస్తారు.) ఈ తుపాకిమందు అంటే సురేకారం, బొగ్గు, గంధకం. మూడు పాళ్ళు సురేకారమే. ఇంగ్లండు తుపాకులన్నీ చాలాకాలం పేలింది మన బీహారు సురేకారంతోనే. అది కాలాక మిగిలే మసి గాలిలో తేమ పీలుస్తుంది. కాల్చిన రోజే వేడినీళ్ళతో కడగకపోతే తెల్లారేసరికి తుప్పు. అందుకే అసలైన నీలి పూత చెక్కు చెదరకుండా ఉన్న పాత రివాల్వర్లకి అంత విలువ. సముద్రపు గాలి తగిలే తిరునల్వేలి సీమలో నూట డెబ్భై ఏళ్ళు పడున్నదని చెప్తున్న వస్తువు మీట పక్కన అద్దంలా మెరవడం నాకు వింతగా ఉంది. బయటంతా గుంటలు, మీట మడిచే గాడిలో మాత్రం కొత్త మెరుపు. తుప్పు చెయ్యి పట్టే చోట ఎక్కింది, తేమ నిలిచే చోట ఎక్కలేదు. ఆసిడ్ పూసి పాతబరిచినవాడు ఆ గాడిలోకి గుడ్డ పోనివ్వడం మర్చిపోయాడు. నాకు తోచింది ఇంతే.

ఇంకో ఫొటో చూడండి. సిలిండరు చుట్టూ ఓడల బొమ్మ చెక్కి ఉంది. వ్యాసంలో ఏమని రాశారు? 'తూత్తుకుడి రేవులో కంపెనీ ఓడలు' అట! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ బొమ్మ ప్రపంచంలో ఏ కలెక్టరునడిగినా చెప్తాడు. 1843 మే 16న కాంపెచె దగ్గర టెక్సస్ ఓడలకీ మెక్సికో ఓడలకీ జరిగిన యుద్ధం అది. ఆర్మ్స్‌బీ అనే చెక్కడపు పనివాడు అచ్చు తయారు చేశాడు. కోల్ట్ తన 1851 నేవీ మోడలు సిలిండర్లన్నిటి మీదా దాన్నే దొర్లించి అద్దించాడు. నేవీ అని పేరు రావడానికి ఆ బొమ్మే కారణం. హార్ట్‌ఫర్డ్ ఫ్యాక్టరీలో చేసినవి రెండు లక్షలు దాటాయి. లండనులో పెట్టిన ఫ్యాక్టరీలో మరో నలభై వేల పైచిలుకు. అంటే అసలుది అయినా కూడా అది కోకొల్లలుగా దొరికే రకం. దాన్ని 'అరుదైన' అనడమే మొదటి అబద్ధం.

అసలుది కూడా కాదని ఎందుకంటున్నానంటే, ఫ్రేము రంగు చూడండి. ఇత్తడి. కోల్ట్ నేవీలో ట్రిగ్గరు చుట్టూ ఉండే కమ్మీ, పిడి వెనక పట్టీ ఇత్తడివి ఉంటాయి. ఫ్రేము మాత్రం ఇనుమే. నేవీని ఇత్తడి ఫ్రేముతో చేసినవాళ్ళు ఇద్దరే రకాలు. ఒకరు అమెరికా అంతర్యుద్ధంలో ఇనుము చాలక అవస్థపడ్డ దక్షిణ రాష్ట్రాల వాళ్ళు. రెండోవారు 1950ల చివరి నుంచి ఇటలీలో బ్రెష్యా దగ్గర గార్దోనె లోయలో నకళ్ళు చేస్తున్న కంపెనీలు. ఉబెర్తీ, పియెత్తా లాంటివి. వాళ్ళు దొంగలు కారు, నకలుని నకలు అనే అమ్ముతారు, పని కూడా శుభ్రంగా ఉంటుంది. ఇటలీ ప్రభుత్వ పరీక్షశాల ముద్రా, ఏ సంవత్సరం తయారీయో చెప్పే గుర్తూ చిన్న చతురంలో కొట్టి ఉంటాయి. దొంగతనం తర్వాత మొదలవుతుంది. ఎవడో ఆ ముద్రని ఆకురాయితో అరగదీసి, ఉప్పూ ఆసిడూ పూసి, తాతముత్తాతల కథ ఒకటి తగిలిస్తాడు. అరగదీసిన చోట లోహం కొంచెం లోతుపడుతుంది. నాలుగో ఫొటోలో సిలిండరు కుడిపక్కన ఫ్రేము మీద వెలుగు పడిన తీరు చూడండి, చిన్న పల్లం కనిపిస్తుంది.

'దక్షిణ రాష్ట్రాల అసలుది అయ్యుండొచ్చుగా, అప్పుడు ఇంకా లాభం కదా' అంటారని నాకు తెలుసు. అవన్నిట్లో ఎక్కువ దొరికేది గ్రిజ్వల్డ్ అండ్ గన్నిసన్ రివాల్వరు. జార్జియా రాష్ట్రంలో గ్రిజ్వల్డ్‌విల్ అనే ఊళ్ళో చేశారు. దాని గొట్టం ముందుభాగం గుండ్రం. సిలిండరు మీద ఏ బొమ్మా ఉండదు, బొమ్మలు అచ్చేసే తీరిక వాళ్ళకి లేదు. మన ఫొటోలో గొట్టం ఎనిమిది పలకలు, సిలిండరు మీద ఓడలు, ఫ్రేము ఇత్తడి. ఈ మూడూ ఒకేచోట కలిసేది నకలు తుపాకుల క్యాటలాగులోనే. నాకు ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

గ్రిజ్వల్డ్ పేరెత్తాను కాబట్టి ఒక మాట చెప్పకుండా ముందుకి పోలేను. కలెక్టర్లు ఆ రివాల్వరు గురించి పేజీలకి పేజీలు రాస్తారు. ఫ్రేము లోహంలో రాగి పాలు ఎక్కువై ఎర్రజీర ఎలా కనిపిస్తుందో, సిలిండరు ఇనుముని మెలిపెట్టిన జాడ కంటికి ఎలా ఆనుతుందో, అంకెల పక్కన ఉన్న చిన్న అక్షరం ఏమిటో. గ్రిజ్వల్డ్ అంతకుముందు పత్తి గింజలు తీసే జిన్నులు చేసే యజమాని. యుద్ధం రాగానే ఆ ఫ్యాక్టరీని రివాల్వర్ల వైపు తిప్పాడు. అక్కడ యంత్రాల మీద పనిచేసింది 24 మంది. అందులో 22 మంది బానిసలు. నేను లేత్ మీద నిలబడి బతికినవాణ్ణి, ఆ అంకె చదివినప్పుడు నా చెయ్యి ఆగిపోయింది. తమను బానిసలుగా ఉంచడానికి జరుగుతున్న యుద్ధానికి తమ చేతులతోనే ఆయుధాలు చెయ్యాల్సి వచ్చింది వాళ్ళకి. ఆ పని కూడా ఎంత నాణ్యంగా చేశారంటే, నూట అరవై ఏళ్ళ తర్వాత డబ్బున్నవాళ్ళు దానికోసం పోటీ పడుతున్నారు. మూడున్నర వేలకి పైగా చేశారు. 1864 నవంబరులో ఉత్తరాది సైన్యం వచ్చి ఫ్యాక్టరీ తగలబెట్టింది. యజమాని పేరు తుపాకికి వచ్చింది. ఆ 22 మందిలో ఒక్కరి పేరైనా గాజుపెట్టె కింద ఎప్పుడైనా చూశారా?

ఇదెందుకు చెప్తున్నానంటే, మన గదిలో ఏం పెట్టాలన్న ప్రశ్న ఇదే. దానికి తర్వాత వస్తాను.

వ్యాసంలో పదే పదే వచ్చే మాట 'అరుదైనది, విచిత్రమైనది'. ఈ మోజు సంగతి నాకు తెలుసు, నాకూ ఉంది. నిజం చెప్పాలంటే ఆ కాలపు వింత రివాల్వర్ల గురించి చదువుతుంటే అన్నం సహించదు. లెమాట్ అని ఒకటుంది. న్యూ ఆర్లియన్స్‌లో ఉన్న ఫ్రెంచి డాక్టరు చేసింది. సిలిండరులో తొమ్మిది గదులు. ఆ సిలిండరు తిరిగే ఇరుసే ఇంకో లావు గొట్టం. అందులో రవ్వలు పోసి పదో దెబ్బ పేల్చవచ్చు. చేసినవి మూడు వేలకి లోపే. సావేజ్ నేవీ అని మరొకటి. దానికి ట్రిగ్గరు కింద ఉంగరంలాంటి ఇంకో మీట. ఉంగరం లాగితే సుత్తి లేస్తుంది, సిలిండరు తిరిగి ముందుకి జరిగి గొట్టానికి అతుక్కుంటుంది. పైది నొక్కితే పేలుతుంది. చూడటానికి వంకరటింకరగా, పట్టుకుంటే ముక్కుభారంగా ఉంటుంది. వాల్ష్ అనే ఆయన ఇంకా ముందుకెళ్ళి ఒకే గదిలో ఒకదాని వెనక ఒకటి రెండేసి మందుగుండ్లు కూరి, రెండేసి సుత్తులు పెట్టి, ఆరు గదులతో పన్నెండు దెబ్బలు అన్నాడు. వెనకది ముందు అంటుకుంటే పట్టుకున్నవాడి గతి ఏమిటో మీరే ఊహించుకోండి. అవి వందల్లోనే తయారై ఆగిపోయాయి.

ఆగిపోయింది కాబట్టే అరుదు. అది గమనించండి. బాగా పనిచేసినది లక్షల్లో తయారైంది, అందుకే చవగ్గా దొరుకుతుంది. పనిచెయ్యనిది, సైనికుడు వద్దన్నది, కంపెనీని ముంచినది అరుదైపోయింది. కోల్ట్ మొదటి ఫ్యాక్టరీ ప్యాటర్సన్ ఊళ్ళో 1842లో దివాలా తీసింది. ప్యాటర్సన్ రివాల్వర్లు మూడు వేలకి లోపే, కాబట్టి ఇప్పుడు బంగారం. 1847 వాకర్ మోడలు వెయ్యి సైన్యానికి, వంద బయటివాళ్ళకి. రెండు కిలోల బరువు. ఇనుము నాణ్యత చాలక, మందు ఎక్కువై సిలిండర్లు పగిలిపోయేవి. దాని పేరున్న కెప్టెన్ వాకర్ అదే ఏడాది అక్టోబరులో మెక్సికోలో యుద్ధంలో పోయాడు. పగిలినవి పగలగా మిగిలినవాటికి ఇవాళ మహా ధర.

'విచిత్రం' వెనక ఉన్నది కూడా ఎక్కువసార్లు కోర్టే. కోల్ట్ పేటెంటు 1857 దాకా నడిచింది. సుత్తి లేపితే సిలిండరు తనంతట తిరగడం అతని హక్కు. మసాచుసెట్స్ ఆర్మ్స్ కంపెనీ మీద 1851లో దావా గెలిచాడు. ఓడినవాళ్ళు చేత్తో తిప్పే సిలిండర్లు చెయ్యాల్సి వచ్చింది. అది తీరిందనుకుంటే, సిలిండరు గదిని వెనకదాకా తొలిచే పద్ధతి మీద రోలిన్ వైట్ పేటెంటు. అది స్మిత్ అండ్ వెసన్ చేతిలో పడి 1869 దాకా ఎవర్నీ కదలనివ్వలేదు. తూటా వచ్చేసినా అమెరికా ఇంకో పదేళ్ళు టోపీలూ గుండ్లూ అని కూర్చోవడానికి కారణం అదే. అంటే ఆ వింత వింత మీటలూ గదులూ సగం మేధావుల ఊహ, సగం లాయర్ల భయం. చదువుకోవడానికి బ్రహ్మాండమైన విషయం. నాలుగు లక్షలు పెట్టి పూజించడానికి మాత్రం కాదు.

ఇంగ్లీషువాళ్ళ ఆడమ్స్ రివాల్వరు నాకు అన్నిటికన్నా ఇష్టం. 1851 లండన్ ప్రదర్శనలో కోల్ట్‌కి ఎదురుగా నిలబడింది. ఫ్రేమూ గొట్టమూ ఒకే ఇనుపముద్ద నుంచి తీశారు, కోల్ట్‌లా విడి ముక్కలు కలిపి మేకుతో బిగించలేదు. తర్వాత బోమాంట్ అనే సైన్యాధికారి చేసిన మార్పుతో సుత్తి లేపి అయినా, ట్రిగ్గరు లాగి అయినా పేల్చవచ్చు. 1857లో మన సిపాయిల మీద పేల్చినవాటిలో అదీ ఉంది, కోల్టూ ఉంది. మన దేశంలో పాత బంగళాల్లో నిజంగా ఏదైనా దొరికితే ఇలాంటి లండన్, బర్మింగ్‌హామ్ సరుకు దొరకడానికే వీలెక్కువ. జార్జియా ఇత్తడి తిరునల్వేలికి ఏ ఓడ ఎక్కి వచ్చిందో అమ్మేవాడే చెప్పాలి.

ఇక చట్టం. బావగారి వ్యాసంలో 'పురాతన ఆయుధాలకి లైసెన్సు అక్కర్లేదు' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఇది అమెరికా వీడియోలు చూసి వచ్చిన మాట. అక్కడ 1968 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం 1898 దాకా తయారైనవీ, ఈ టోపీ రకం నకళ్ళూ తుపాకి కిందికే రావు, చాలా రాష్ట్రాల్లో పోస్టులో ఇంటికే తెప్పించుకుంటారు. మనది అమెరికా కాదు. మన ఆయుధాల చట్టం 1959, సెక్షను 45 తీసి చదవండి. కాలం చెల్లిన రకం, పురావస్తు విలువ ఉన్నది, పాడైపోయినది, వీటికి మినహాయింపు ఉంది. కానీ దాని వెంటే ఒక మెలిక ఉంది. మరమ్మతు చేసినా చెయ్యకపోయినా తుపాకిగా వాడటానికి పనికిరానిదై ఉండాలి. ఇప్పుడు వ్యాసంలో అమ్మేవాడి మాట చదవండి: 'నేటికీ పనిచేసే స్థితిలో ఉంది'. అదే గొప్పగా రాశారు! పనిచేస్తే అది తుపాకి. తుపాకి అయితే లైసెన్సు కావాలి. లైసెన్సు లేకుండా దగ్గర పెట్టుకున్నవాడికి 2019 సవరణ తర్వాత రెండేళ్ళ నుంచి ఐదేళ్ళ దాకా. ఎవరి పేరు మీద కొంటాం? కార్యదర్శి పేరు మీదా, ఖజాంచి పేరు మీదా? ఆ ఇద్దరి ఇళ్ళల్లోనూ పెళ్ళికెదిగిన పిల్లలున్నారు.

పోనీ అది నిజంగా వందేళ్ళు దాటిన చారిత్రక వస్తువే అనుకుందాం. అప్పుడు 1972 పురావస్తువుల చట్టం వస్తుంది. అలాంటివి అమ్మే వ్యాపారికి లైసెన్సు ఉండాలి. ఆ లైసెన్సు నంబరు వ్యాసంలో ఎక్కడా లేదు. కొత్తదైతే ఆయుధాల చట్టం, పాతదైతే పురావస్తువుల చట్టం. రెండింట్లో దేనికీ కాగితం లేదు, కథ మాత్రం చాలా పెద్దది.

'ధర పెరుగుతుంది, సంఘానికి పెట్టుబడి' అన్న వాదన కూడా ఉంది. 2018లో అమెరికాలో ఒక వాకర్ రివాల్వరు 18 లక్షల 40 వేల డాలర్లకి వేలంలో పోయిందని ఉదాహరణ ఇచ్చారు. ఆ మాట నిజమే. దాన్ని 'డేనిష్ సీ కెప్టెన్' వాకర్ అంటారు. తన అసలు పెట్టెతో, సామగ్రితో సహా మిగిలిన వాకర్ అది. మొదట ఎవరు కొన్నారు, ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి వచ్చింది, వరస మొత్తం తెలుసు. అంత ధర పలికింది ఇనుముకి కాదు, ఆ వరసకి. అసలు కలెక్టరు చేసే పనే అది. ఫ్రేము మీద అంకె, గొట్టం మీద అంకె, సిలిండరు మీద అంకె, చివరికి మేకు మీద అంకె కూడా కలిశాయా అని చూస్తాడు. ఉత్తరాలు వెతుకుతాడు. అలాంటివాళ్ళంటే నాకు గౌరవం. మనకి ఇవ్వజూపిన వస్తువుకి ఒక అంకె ఫొటో కూడా లేదు. బావగారు అడిగితే 'తుడిస్తే విలువ పోతుందండీ, అందుకే తుడవలేదు' అన్నాడట. తుడవకుండా మీట గాడి ఎలా మెరిసింది?

ఇప్పుడు గది సంగతికి వస్తా. మన తాతలు ఈ నేలకి తుపాకులతో వచ్చారా? కొందరు నాయకరాజుల దండుతో వచ్చారు, కాదనను. ఎక్కువమంది ఎలా వచ్చారు? నల్లరేగడి నేల దున్నడానికి నాగలితో వచ్చారు. సేలంలో, కోయంబత్తూరులో మగ్గాలతో వచ్చారు. తోలు పనితో వచ్చినవాళ్ళున్నారు. పారపలుగులతో వచ్చి ఈ ఊళ్ళ వీధులు ఊడ్చినవాళ్ళున్నారు. వాళ్ళ పిల్లలు మన సంఘంలో సభ్యులుగా ఎంతమంది ఉన్నారో ఒకసారి జాబితా తిప్పి చూసుకోండి, నాకు చెప్పడానికి సిగ్గేస్తోంది. ఇడైసెవల్ ఊరివాడు కి. రాజనారాయణన్ మనవాళ్ళ వలస కథని 'గోపల్ల గ్రామం' నవలగా తమిళంలో రాశాడు. ఇంట్లో తెలుగు మాట్లాడిన మనిషి. మన గ్రంథాలయంలో ఆ పుస్తకం ఒక్క ప్రతి లేదు. నాలుగు లక్షల రివాల్వరు మాత్రం కావాలి.

యంత్రమే చూపించాలి అనుకుంటే, ఈ ఊళ్ళో మనకి ఏం తక్కువ? 1937లో దేశంలో తయారైన మొదటి ఎలక్ట్రిక్ మోటారు బయటికి వచ్చింది పీలమేడులో. జి.డి. నాయుడుగారి ఫ్యాక్టరీలో, బాలసుందరం నాయుడుగారి చేతిమీదుగా. ఆ తర్వాత ఇంటింటికీ ఒక వర్క్‌షాపు అన్నట్టు పెరిగిన ఈ ఊళ్ళో, పాత పంపుసెట్లూ, బెల్టుతో తిరిగే లేత్‌లూ, చేతి అచ్చులూ ఇంకా షెడ్ల మూలల్లో పడున్నాయి. పాత ఇనుము కింద కిలోల లెక్కన పోతున్నాయి. ఎవరు తయారుచేశారో చెప్పగల ముసలివాళ్ళు ఇంకా ఉన్నారు, ఎన్నాళ్ళుంటారో తెలియదు. వాటిలో ఒకటి తెచ్చి పెట్టి, దాని మీద పనిచేసిన మనుషుల పేర్లు కింద రాస్తే ఖర్చు లారీ కిరాయి. రెండు వెతికి పెట్టే పూచీ నాది.

ఇంకొక్క మాట. ఈ నాలుగు లక్షలు ఏ పద్దులోంచి తీస్తారో ఎవరూ అడగలేదు. సాయంత్రం తెలుగు తరగతి పద్దులో మిగులు ఉందట. ఎందుకు మిగిలింది? టీచరమ్మ మానేసి ఏడు నెలలైంది, కొత్తవారిని పెట్టలేదు కాబట్టి. 2006 చట్టం తర్వాత మన రాష్ట్రంలో బడిలో పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి. దాన్ని తప్పుపట్టను, తమిళం మనకి కూడు పెట్టిన భాష. కానీ దానితో బడిలో తెలుగు అక్షరం నేర్చుకునే దారి చాలామంది పిల్లలకి మూసుకుపోయింది. మిగిలింది ఇలాంటి సాయంత్రం తరగతులే. మా మనవరాలు తన పేరు తెలుగులో రాయలేదు. గదిలో గాజుపెట్టె కింద ఏం రాసి పెట్టినా చదివేది ఎవరు బావా?

సమావేశం వచ్చే నెల రెండో ఆదివారం, పొద్దున పదింటికి, కింద హాల్లో. నేను రెండు తీర్మానాలు పెడుతున్నా. రివాల్వరు ప్రతిపాదన రద్దు, తెలుగు టీచరు నియామకం వెంటనే. బలపరిచేవాళ్ళు ముందుగా నాకు ఫోను చెయ్యండి, కోరం చాలక నిరుటిలా వాయిదా పడకూడదు. బావగారు అమ్మేవాడి దగ్గర ఏ కాగితాలున్నా తీసుకురావాలని మనవి, అందరి ముందూ చదువుదాం. వస్తువుని మాత్రం దయచేసి తేవొద్దు. ఫొటోలు చాలు.